విశ్వవిద్యాలయ భవనాలకు భూమి ద్వారా వెచ్చదనం, చల్లదనం: మన్సీలో కుదిరింది మన కళాశాలలో కుదురుతుందా?

ప్రశ్న: మన్సీ విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మన్సీ పట్టణంలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇక్కడి భవనాలను చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంచేది నేలలో దింపిన గొట్టాల్లో తిరిగే నీరేనని చేరిన కొత్తలో ఎవరో చెప్పినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. గత జనవరిలో బయట సున్నాకు 15 డిగ్రీలు దిగువన ఉన్న రోజున, గ్రంథాలయంలో పలచటి చొక్కాతో కూర్చుని చదువుకుంటూ ఉండగా ఆ మాట గుర్తుకొచ్చి వివరాలు వెతికాను. 2009లో తవ్వకం మొదలుపెట్టి, రెండు దశల్లో సుమారు 3,600 బోర్లు వేసి, 47 భవనాలను ఈ ఏర్పాటుకు కలిపారని, అంతకుముందు పనిచేసిన నాలుగు బొగ్గు బాయిలర్లను 2014లో పూర్తిగా ఆపేశారని తెలిసింది.

ఇప్పుడు నా సందేహం. నేను బీటెక్ చదివిన కళాశాల హైదరాబాదు శివార్లలో ఉంది. అక్కడ కొత్తగా ఒక తరగతి భవనం, 600 మంది ఉండే వసతి గృహం కట్టబోతున్నారు. మా పాత ఆచార్యులు నిర్మాణ సంఘంలో ఉన్నారు. ఇక్కడి సంగతి నేను ఫోనులో ఉత్సాహంగా వర్ణించేసరికి, "మనమూ వేయిద్దామా, వివరంగా రాసి పంపు" అన్నారు. కళాశాల స్థలంలో నీళ్లు పడక వదిలేసిన బోర్లు నాలుగు ఉన్నాయి. వాటిలోనే గొట్టాలు దింపితే ఖర్చు కలిసివస్తుందేమోనని వారి ఆలోచన.

నేను చదివేది కంప్యూటర్ సైన్సు కాబట్టి ఈ విషయంలో నాకున్నది పైపై పరిచయమే. భూమి లోపల వేడి ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం, మరి అదే భూమి ఎండాకాలంలో చల్లదనాన్ని ఎలా ఇస్తుంది? ఇక్కడ పనిచేసిన పద్ధతి మన ఎండలకు సరిపోతుందా? ఆయనకు తప్పు సలహా ఇవ్వకూడదన్న భయంతో అడుగుతున్నాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: ఉత్తరగాలి

మీ మొదటి సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది విడిపోతే మిగిలిన వాటిలో సగం వాటంతటవే విడిపోతాయి. నేను మిన్నెసోటాలో భవనాల తాపన, శీతలీకరణ రంగంలో పనిచేసే మెకానికల్ ఇంజినీరును.

మన్సీలో నేల కిందికి దింపిన గొట్టాలు 400 నుంచి 500 అడుగుల లోతుకు మాత్రమే వెళ్తాయి. ఆ లోతులో మీరు చదువుకున్న భూగర్భపు మంట ఏమీ ఉండదు. అక్కడి నేల ఏడాది పొడవునా 12, 13 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, అంటే ఆ ఊరి సంవత్సర సగటు ఉష్ణోగ్రతకు కాస్త అటూఇటూగా. కాబట్టి భూమిలోని వేడిని తోడుకుంటున్నారని అనుకోవడం కంటే, భూమిని పాతరగా వాడుకుంటున్నారని అనుకోవడం సరైనది. మన పల్లెల్లో జొన్నలు పండినప్పుడు పాతరలో పోసి, అవసరమైనప్పుడు తీసుకునేవారు కదా, ఇక్కడ ఎండాకాలంలో భవనాల నుంచి లాగిన వేడిని నేలలో పోస్తారు, చలికాలంలో దాన్నే తిరిగి తీసుకుంటారు. పాతరలో పోసింది, తీసింది ఏడాది లెక్కలో దాదాపు సమానంగా ఉన్నంతకాలం ఆ ఏర్పాటు దశాబ్దాల తరబడి నడుస్తుంది.

పోయడానికీ తీయడానికీ వాడే యంత్రం హీట్ పంప్. మీ ఇంట్లోని ఫ్రిజ్‌లో ఉన్నదీ అదే. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనక ఉన్న జాలీ ద్వారా గదిలోకి వదులుతుంది. ఆ లోపలి భాగాన్ని నేల అనుకుని, వెనక జాలీని గ్రంథాలయం అనుకుంటే మీరు జనవరిలో పలచటి చొక్కాతో ఎలా కూర్చోగలిగారో అర్థమవుతుంది. కరెంటును నేరుగా వేడిగా మారిస్తే ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడే వస్తుంది, కానీ కరెంటును వేడిని మోసే కూలీగా వాడుకుంటే ఒక యూనిట్‌కు మూడు, నాలుగు యూనిట్ల వేడి చేతికొస్తుంది. మిగిలిన రెండు, మూడు యూనిట్లు నేల నుంచి వచ్చినవి. గొట్టంలోని నీరు బయటి మట్టితో ఎక్కడా కలవదు, మూసి ఉన్న వలయంలో అదే నీరు మళ్లీమళ్లీ తిరుగుతుంది. గొట్టం హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌ది. బోరులోకి ఒక కాలు దిగి, అడుగున వంపు తిరిగి, రెండో కాలు పైకి వస్తుంది. చుట్టూ ఉన్న ఖాళీని బెంటోనైట్ బంకమట్టితో గట్టిగా నింపుతారు.

అయితే మన్సీ ఉదాహరణలో బోర్ల సంఖ్య చూసి అందరూ ఆశ్చర్యపోతారు గానీ, నా దృష్టిలో అసలు గొప్ప పని నేల మీద జరిగింది. పాత బొగ్గు బాయిలర్లు ఆవిరిని పుట్టించి, సొరంగాల్లోని గొట్టాల ద్వారా భవనాలకు పంపేవి. హీట్ పంప్ ఆవిరిని ఇవ్వలేదు. అది హాయిగా ఇవ్వగలిగింది 65 డిగ్రీల వేడినీరే. కాబట్టి క్యాంపస్ అంతటా కొత్తగా వేడినీటి గొట్టాలు, చన్నీటి గొట్టాలు వేసి, ఆవిరి కోసం కట్టిన ప్రతి భవనం లోపలి పరికరాలను తక్కువ వేడి నీటికి తగ్గట్టు మార్చుకోవలసి వచ్చింది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలోనూ 2015లో కొత్త శక్తి కేంద్రం మొదలైనప్పుడు సుమారు 22 మైళ్ల పొడవున ఆవిరి గొట్టాల స్థానంలో వేడినీటి గొట్టాలు పరచారు. నేనుండే రాష్ట్రంలో నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో కార్ల్‌టన్ కళాశాల ఉంది. వారు ఇంకా దిగి 50 డిగ్రీలకు దగ్గరి నీటితోనే పని కానిస్తున్నారు. నీటి వేడి ఎంత తక్కువైతే హీట్ పంప్ అంత తేలికగా నడుస్తుంది. అక్కడ సుమారు 300 బోర్లలో ఒక భాగం కళాశాల నడిమధ్యన ఉన్న పచ్చిక మైదానం కిందే ఉన్నాయి. పిల్లలు పైన ఫ్రిస్బీ ఆడుకుంటూ ఉంటారు, కింద వేసవి వేడి నిలవ ఉంటుంది.

మరొక సంగతి చాలామంది గమనించరు. అన్ని భవనాలకూ ఒకే సమయంలో ఒకే అవసరం ఉండదు. చలికాలంలో కూడా సర్వర్లున్న గదులను, పరికరాలతో వేడెక్కే ప్రయోగశాలలను చల్లబరచాలి. ఆ వేడిని నేలలోకి పంపకుండా పక్కన చలికి వణుకుతున్న వసతి గృహానికి నేరుగా మళ్లించవచ్చు. ఇలా భవనం నుంచి భవనానికి సర్దగా మిగిలిన లోటును, మిగులును మాత్రమే నేల చూసుకుంటుంది. స్టాన్‌ఫోర్డ్ కేంద్రం నడిచేది ప్రధానంగా ఈ సర్దుబాటు మీదనే. అక్కడ పెద్ద పెద్ద వేడినీటి, చన్నీటి ట్యాంకులు కట్టి, పగటి మిగులును రాత్రి అవసరానికి దాచుకుంటారు.

బాల్ స్టేట్ బాయిలర్లు ఏటా సుమారు 36,000 టన్నుల బొగ్గు కాల్చేవి. అది ఆగిపోయి, ఖర్చులో సాలీనా సుమారు 20 లక్షల డాలర్లు మిగులుతున్నాయి. కాకపోతే ఆ పంపులు నడిచేది కరెంటుతో, ఇండియానా కరెంటులో బొగ్గు వాటా చాలాకాలంగా ఎక్కువ. అందుకే పొగ పూర్తిగా మాయమైందని అనలేం, చాలావరకు తగ్గి, మిగిలింది ఊరి బయటి విద్యుత్ కేంద్రానికి మారిందని అనుకోవాలి. ముందుముందు గాలి, ఎండల కరెంటు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది, క్యాంపస్‌లో మళ్లీ ఏమీ తవ్వనక్కర్లేదు.

మీ హైదరాబాదు కళాశాల విషయంలో నాకొక అనుమానం ఉంది, కానీ అక్కడి లెక్కలు తెలిసినవారు చెబితే బాగుంటుంది. నా అనుమానం ఒక్కటే: మీ పాతరలో పోసేవారే గానీ తీసేవారు ఎవరు?

జవాబు 2: రాతిపొర

ఉత్తరగాలి గారు పాతర పోలిక బాగా చెప్పారు. నేను ఖమ్మం వాసిని, భూగర్భ శాస్త్రంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మన పత్రికల్లో ఈ రెండు విషయాలను కలిపి రాయడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది కనుక, నిజంగా భూమి లోపలి వేడిని తోడుకునే విశ్వవిద్యాలయాల గురించి కొంచెం చెబుతాను.

ఒరెగాన్ రాష్ట్రంలో క్లామత్ ఫాల్స్ అనే ఊరుంది. అక్కడి ఒరెగాన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారు 1964 నుంచి క్యాంపస్ మొత్తాన్ని నేల నుంచి వచ్చే దాదాపు 90 డిగ్రీల వేడినీటితో వెచ్చబరుస్తున్నారు. ఆ ఊరు ఉడుకునీటి పొరల మీదే ఉంది, వారికి ఆ వెచ్చదనం కోసం హీట్ పంప్ అక్కర్లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం అంత అదృష్టం లేని చోట ఉంది. అయినా ఎంత లోతుకు వెళితే అక్కరకొచ్చే వేడి దొరుకుతుందో తెలుసుకోవడానికి 2022లో సుమారు 3 కిలోమీటర్ల లోతు పరిశోధక బావి తవ్వారు. ఇదే కార్నెల్ చల్లదనం కోసం 2000 సంవత్సరం నుంచి పక్కనున్న కయూగా సరస్సు అడుగు నీటి చల్లదనాన్ని వాడుకుంటోంది. ఆ లోతులో నీరు ఏడాదంతా 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. నేలైనా నీరైనా, తమ కాళ్ల కింద ఏముందో తెలుసుకుని దానికి తగ్గ పద్ధతి ఎంచుకున్నారన్నది గమనించదగ్గ విషయం.

మన దగ్గర అలాంటి వేడి లేదా అని అడిగితే, గోదావరి లోయలో ఉంది. భద్రాచలం దగ్గర గుండాలలో ఏటి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరడం మా ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలుసు. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి పొంగివచ్చే వేడినీటితో 20 కిలోవాట్ల చిన్న ప్రయోగాత్మక విద్యుత్ యూనిట్‌ను సింగరేణి సంస్థ నెలకొల్పింది. అది బొగ్గు పొరలున్న అవక్షేప శిలల లోయ, భూమి పగిలి కుంగిన చోటు. హైదరాబాదు అలా కాదు. అది చాలా పురాతనమైన గ్రానైట్ రాయి. లోతుకు వెళ్లేకొద్దీ వేడి సాధారణంగా కిలోమీటరుకు 25, 30 డిగ్రీలు పెరుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది గానీ, దక్షిణాది పాత రాతి పీఠంలో ఆ పెరుగుదల ఇంకా తక్కువ. కాబట్టి మీ ఆచార్యులవారు లోతైన వేడి గురించి ఆలోచించనక్కర్లేదు, పైగా హైదరాబాదులో వేడి తెచ్చుకోవడానికి ఎవరైనా తవ్వుతారా!

గ్రానైట్‌కు ఒక మంచి గుణం ఉంది. అది వేడిని మట్టి కంటే, బంకమట్టి కంటే త్వరగా ప్రసరింపజేస్తుంది. రాతి నెర్రెల్లో నీరు కదులుతూ ఉంటే ఆ నీరు కొంత వేడిని మోసుకుపోతుంది కూడా. కానీ నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు చేస్తున్న పద్ధతి మనకు కుదరదు. వారు నేల కింది ఇసుక పొరల్లోని నీటినే ఒకవైపు వెచ్చని బావులుగా, మరోవైపు చల్లని బావులుగా విడదీసి, రుతువును బట్టి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తోడుతారు. దానికి నీటితో నిండిన మందపాటి ఇసుక పొర కావాలి. మన గట్టి రాతిలో నీరు నెర్రెల్లో మాత్రమే ఉంటుంది, అదీ ఏ నెర్రె ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు.

జవాబు 3: చల్లటినీరు

నేను హైదరాబాదులో పెద్ద భవనాల ఏసీ వ్యవస్థలకు రూపకల్పన చేస్తాను. ఉత్తరగాలి గారు వదిలిపెట్టిన ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పాలి. అంకెలు ఉజ్జాయింపువి, కానీ దిశ చూపడానికి చాలు.

తరగతి భవనానికి 100 టన్నుల ఏసీ కావాలనుకుందాం. అంటే గదుల నుంచి గరిష్ఠంగా 350 కిలోవాట్ల వేడిని లాగాలి. దానికి చిల్లర్, అంటే ఏసీ కోసం నీటిని చల్లబరిచే పెద్ద యంత్రం, తినే కరెంటు కూడా చివరికి వేడిగానే మారుతుంది కనుక, బయటకు పారేయవలసింది 430 కిలోవాట్ల దాకా ఉంటుంది. ఏడాదిలో 220 రోజులు, రోజుకు 8 గంటలు, సగటున సగం భారంతో నడిచిందనుకుంటే పారేయవలసిన వేడి మొత్తం సుమారు 3,80,000 యూనిట్లు (యూనిట్ అంటే కిలోవాట్-గంట). ఇక 100 మీటర్ల లోతు బోర్లు 100, ఒకదానికొకటి 6 మీటర్ల దూరంలో వేశామనుకోండి. వాటి మధ్యనున్న రాతి పరిమాణం 3,60,000 ఘనమీటర్లు. గ్రానైట్ ఘనమీటరును ఒక డిగ్రీ వేడెక్కించడానికి 0.6 యూనిట్లు పడతాయి. అంటే ఆ బండ మొత్తం ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 2,20,000 యూనిట్లు చాలు. మన ఏసీ ఏడాదికి అందులో పోసేది దానికి ఒకటిన్నర రెట్లు దాటి ఉంది. పక్కలకు ఏమీ పోకుండా ఉంటే బండ ఏటా 1.7 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది, పదేళ్లలో 17 డిగ్రీలు. నిజానికి కొంత వేడి పక్కలకూ, పైకీ పోతుంది, రాతిపొర గారు చెప్పిన నెర్రెల నీరు కొంత మోసుకుపోతుంది. అయినా మొదలే 27 డిగ్రీల దగ్గర ఉన్న రాయి అది. మన్సీలో లాగా 12 డిగ్రీల రాయి కాదు.

ఇది కాగితం మీది భయం కాదు. అమెరికాలో న్యూజెర్సీలోని స్టాక్టన్ కళాశాల, ఇప్పుడది విశ్వవిద్యాలయం, 1994లోనే 425 అడుగుల లోతు బోర్లు 400 వేసి ఈ పద్ధతిని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మంచు కురిసే న్యూజెర్సీలోనే, పోసిన వేడి తీసిన వేడి కంటే ఎక్కువై, నేల క్రమంగా వెచ్చబడింది. అక్కడే అలా జరిగితే, డిసెంబరు నెలలో మధ్యాహ్నం ఫ్యాను వేసుకునే మన ఊళ్లో చెప్పేదేముంది?

మరొక పోటీదారు కూడా ఉంది. అదే కూలింగ్ టవర్. గాలిలో తేమ తక్కువగా ఉండే మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఎండ 40 డిగ్రీలు దాటినా, నీటిని ఆవిరి చేసి చల్లబరిచే టవర్ 30 డిగ్రీల లోపు నీటిని ఇవ్వగలదు. కొన్నేళ్లు వాడాక 35 డిగ్రీలకు చేరే నేల కంటే అది మెరుగు. టవర్‌కున్న లోపం నీరు. ఇందాకటి 3,80,000 యూనిట్ల వేడిని ఆవిరి రూపంలో వదలాలంటే ఏటా సుమారు 5,60,000 లీటర్ల నీరు ఆవిరైపోతుంది, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 112. ఉప్పు పేరుకోకుండా వదిలేసే నీరు దీనికి అదనం. శివార్లలోని కళాశాలకు ఎండాకాలంలో ట్యాంకరు దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. భూమి వైపు ఆలోచించడానికి మన దగ్గర ఉన్న బలమైన కారణం కరెంటు పొదుపు కంటే ఈ నీటి పొదుపేనని నా అభిప్రాయం. వసతి గృహం మురుగునీటిని శుద్ధి చేసి టవర్‌కు వాడేవారూ ఉన్నారు, అది ఇంకా తేలిక.

ఇప్పుడు పాతరలోంచి తీసేవారి సంగతి. వారు మీ కళాశాలలోనే ఉన్నారు, 600 మంది, పొద్దున్నే బకెట్లతో బారులు తీరి. ఒక్కొక్కరికి 40 లీటర్ల వేడినీరు అనుకుంటే రోజుకు 24,000 లీటర్లు. 25 డిగ్రీల నీటిని 45కు తేవడానికి రోజుకు సుమారు 560 యూనిట్ల వేడి కావాలి. గీజర్లు పెడితే అంత కరెంటూ కాలుతుంది. అదే చిల్లర్ వదిలే వేడిని హీట్ పంప్‌తో కాస్త పైకి నెట్టి ట్యాంకులో నింపితే 140 యూనిట్ల కరెంటుతో పని అవుతుంది. మిగిలిన 420 యూనిట్లు ఎలాగూ పారేయబోతున్న వేడి నుంచి వస్తాయి. ఏసీ నడిచేది పగలు, స్నానాలు తెల్లవారుజామున. మధ్యలో కావలసింది బాగా తొడుగు వేసిన ఒక పెద్ద ట్యాంకు మాత్రమే, 100 బోర్లు కాదు. ఉత్తరగాలి గారు చెప్పిన స్టాన్‌ఫోర్డ్ సర్దుబాటుకు ఇది మన రూపం. మన్సీ కంటే మనకు దగ్గరి బంధువు స్టాన్‌ఫోర్డ్.

ఏడాదికి 280 రోజులు వేడినీరు వాడితే తీసే వేడి సుమారు 1,18,000 యూనిట్లు. పోసే 3,80,000లో అది మూడో వంతు కంటే కాస్త తక్కువ. కాబట్టి వేడినీటి ఏర్పాటు తప్పకుండా చేయమనండి, కానీ దాన్ని చూపించి మొత్తం ఏసీ భారాన్ని నేల మీద పెట్టవద్దనండి.

భవనం ఇంకా కట్టలేదు కనుక ఒక మాట. ఇక్కడివారు బయటి యంత్రం గురించి వంద ప్రశ్నలు అడుగుతారు, లోపలి పరికరాల గురించి ఒక్కటీ అడగరు. పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక భవనాన్ని రెండు సగాలుగా చేసి, ఒక సగానికి మామూలు ఏసీలో మేలైన రకాన్ని, రెండో సగానికి శ్లాబులోనే చన్నీటి గొట్టాలు పరిచే పద్ధతిని పెట్టి పోల్చారు. శ్లాబు చల్లబరిచిన సగం దాదాపు మూడో వంతు తక్కువ కరెంటు వాడింది. ఆ పద్ధతికి మామూలు ఏసీలో లాగా 7 డిగ్రీల నీరు అక్కర్లేదు, 14 దాటినా చాలు. వెచ్చదనానికి కార్ల్‌టన్ వారు నీటి వేడిని ఎలా దించుకున్నారో, చల్లదనానికి మనం నీటి చలవను అలా సడలించుకోవాలి. రెండింటిలోనూ యంత్రం ఎక్కవలసిన మెట్లు తగ్గుతాయి. శ్లాబు పోసేశాక ఆ అవకాశం పోతుంది, బోర్లయితే ఎప్పుడైనా వేసుకోవచ్చు.

మన్సీ విద్యార్థి

ముగ్గురికీ కృతజ్ఞతలు. చల్లటినీరు గారి లెక్కను నేను మళ్లీ వేసి చూసుకున్నాను, నా ఉత్సాహం చాలావరకు దిగింది. స్నానాల నీటిని ఏసీ వేడితో కాచుకోవడమన్నది నాకు తట్టనే లేదు. నేను నాలుగేళ్లు అదే వసతి గృహాల్లో ఉండి, జనవరి పొద్దుల్లో గీజరు దగ్గర వంతు కోసం నిలబడినవాణ్నే.

అయితే ఆ నాలుగు ఎండు బోర్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆచార్యులవారు నిన్న మళ్లీ దాని గురించే అడిగారు. వాటిని 600 అడుగుల దాకా వేశారట, పైన కేసింగ్ పైపు ఇంకా ఉందట. నీరు పడలేదంటే ఈ పనికీ పనికిరావని అర్థమా, లేక నీటితో సంబంధం లేదు కనుక పనికొస్తాయా? మరొకటి, మూసి ఉన్న గొట్టమే అయినప్పుడు కొత్త బోరుకు అనుమతి కావాలా?

రాతిపొర

చివరిది ముందు. గొట్టం మూసి ఉన్నా, నీరు తోడకపోయినా, నేలలో రంధ్రం చేస్తున్నారు కనుక 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) సంగతి స్థానిక అధికారుల దగ్గర కనుక్కోకుండా రిగ్గును రప్పించవద్దు. మన దగ్గర బోరు అంటే నీటి బోరనే లెక్క, ఇలాంటి బోరు గురించి కార్యాలయంలో వివరించి చెప్పడానికే ఒకటి రెండు సార్లు తిరగవలసి ఉంటుంది.

ఎండు బోరు విషయంలో తేడా జాగ్రత్తగా గమనించండి. బోరులో నీరు నిండుగా ఉంటే గొట్టానికీ రాతికీ మధ్య ఆ నీరే వేడిని అందిస్తుంది. ఎండిన బోరులో ఆ చోటంతా గాలి ఉంటుంది, గాలి వేడిని అందించదు, కంబళిలాగా అడ్డుపడుతుంది. అందుకే ఊరికే గొట్టం దింపి వదిలేస్తే లాభం లేదు. అడుగు నుంచి పైదాకా బెంటోనైట్, ఇసుక కలిపిన ముద్దతో నింపాలి. మామూలు రిగ్గు ఆరున్నర అంగుళాల బోరు వేస్తుంది, ఈ పనికి అవసరమైన దానికంటే అది కాస్త వెడల్పు, నింపుడు సరుకు కొంచెం ఎక్కువ పడుతుంది. నింపాక ఇక అది నీటి బోరుగా ఎప్పటికీ పనికిరాదు. మంచి వానలు పడ్డ ఏడాది నీరు తిరిగొచ్చే బోర్లు మన ప్రాంతంలో ఉన్నాయి, వాటిలో వాననీటిని ఇంకించి నింపుకోవచ్చు కూడా. కనుక నాలుగింటినీ ఒకేసారి పూడ్చేయవద్దు.

చల్లటినీరు

రాతిపొర గారితో ఏకీభవిస్తున్నాను. నాలుగు బోర్లు 100 టన్నుల భవనానికి ఏ మూలకూ రావు. మీటరు బోరు 40 వాట్లు మోస్తుందనుకున్నా, 600 అడుగుల బోర్లు నాలుగూ కలిపి 30 కిలోవాట్లు కూడా దాటవు. కానీ వాటిలో ఒకటి చాలా విలువైన పనికి వస్తుంది. ఒక బోరులో గొట్టం దింపి, పద్ధతిగా నింపి, కొన్ని రోజులు ఆగి, ఆపైన హీటరుతో స్థిరమైన వేడిని 48 గంటలకు తగ్గకుండా అందులోకి పంపి, లోపలికి వెళ్లే నీరు, బయటకు వచ్చే నీరు ఎంతెంత వేడిగా ఉన్నాయో నిమిష నిమిషానికి రాసుకోండి. మీ స్థలంలోని రాయి నిజంగా ఎంత వేడిని మోయగలదో, నా ఉజ్జాయింపు ఎంత తప్పో అందులో బయటపడుతుంది. విదేశాల్లో పెద్ద పనులకు ముందు చేసే పరీక్ష ఇదే. మెకానికల్, సివిల్ విభాగాల ఆఖరి సంవత్సరం పిల్లలకు మంచి ప్రాజెక్టు కూడా అవుతుంది. కరెంటు పోతే పరీక్ష మొదటికొస్తుంది, కాబట్టి జనరేటరు దగ్గరలో ఉన్న బోరును ఎంచుకోమనండి.

మన్సీ విద్యార్థి

ఆచార్యులవారికి ఈ రోజే రాశాను. శ్లాబులో గొట్టాల మాట ముందు చెప్పాను, ఎందుకంటే నక్షాలు వచ్చే నెలలో ఖాయం చేస్తారట. వేడినీటి ట్యాంకుకు వసతి గృహం వెనక స్థలం ఉంచమని రాశాను. బోర్లలో భోజనశాల పక్కనున్నదానికి జనరేటరు 20 అడుగుల దూరంలో ఉందట.

ఉత్తరగాలి

పరీక్ష మొదలుపెట్టే ముందు కాసేపు హీటరు వేయకుండా నీటిని మాత్రమే తిప్పి చూడమనండి. అప్పుడు గొట్టంలో కనిపించే ఉష్ణోగ్రతే మీ రాయి అసలు ఉష్ణోగ్రత. అది 27 వస్తుందో 29 వస్తుందో ఇక్కడ రాయండి, మిగిలిన లెక్కలన్నీ దాని మీద ఆధారపడి ఉన్నాయి.